మెల్లగా కొట్టుకునే గుండె

"మా సుస్మిత గుండె మెల్లగా కొట్టుకుంటాందంట. పరుగు మానిపించాల్నా డాక్టరమ్మా?" అంటూ డ్రిల్లు మాస్టరు గురవయ్య పక్కనున్న కూతురి ఈసీజీ కాగితం చాపాడు.

డాక్టర్ భాగ్య చూసింది. జబ్బేమీ లేదు. అయినా ఆయన్ను కాసేపు ఉడకనిద్దామనుకుంది.

"మీరే చెప్పండి సార్. గిద్దలూరు బడిలో ఇట్లాంటి కాగితమే చూసి, నాది జబ్బు గుండె అని నన్ను పరుగు టీములోనుంచి తీసేసినారు కదా."

గురవయ్య అప్పుడుగానీ ఆమెను గుర్తుపట్టలేదు.

"రోజూ పరుగెత్తేవాళ్ల గుండె మెల్లగానే కొట్టుకుంటాది. నువ్వు పరుగెత్తు సుస్మితా," అంటూ భాగ్య ఫిట్ అని రాసి సంతకం పెట్టింది.

సుస్మిత తండ్రి వైపు తిరిగింది.

"మరి ఈ డాక్టరక్కను ఎందుకు ఆపినావు నాయనా?"

జవాబు విందామని భాగ్య తాపీగా కుర్చీలో వెనక్కి వాలింది.