పుస్తకం మాట వినని నది

“నది అక్కడ లేదండీ మేడమ్,” అన్నాడు పెద్దాయన.

గోడ మ్యాపు మీద జారుతున్న టీచరమ్మ కర్ర టక్కున ఆగింది.

“లేకపోతే ఎక్కడికెళ్లింది? పుట్టింటికా?”

క్లాసంతా గొల్లుమంది.

అది ఆదివారం క్లాసు. చిన్నప్పుడు చదువు ఆగిపోయి, ఇప్పుడు ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాస్తున్న పెద్దవాళ్ల కోసం స్కూల్లో పెట్టింది. ఒక టైలరమ్మ, ఇద్దరు డ్రైవర్లు, ఒక లిఫ్టు ఆపరేటరు, ఇంకా కొందరు. అందరిలోకీ పెద్దవాడు ఈయన. పిల్లల బెంచీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలేవి.

“పుట్టింటికి కాదండీ,” అన్నాడు పెద్దాయన సీరియస్‌గా. “పెద్ద వరదొచ్చిన ఏడాది గట్టు తెంచుకుని దక్షిణానికి తిరిగింది. ఇప్పుడు సముద్రంలో కలిసేది ఇక్కడ.”

లేచి వెళ్లి మ్యాపు మీద వేలు పెట్టాడు. టీచరమ్మ చూపించిన చోటుకి అది జానెడు కింద ఉంది.

“మీకెలా తెలుసు?”

“నడిచానండీ.”

“చూడండి బాబాయిగారూ, పరీక్ష నడిచి రాసేది కాదు, చదివి రాసేది. పుస్తకంలో ఎలా ఉంటే అలా గియ్యండి.”

“అలాగేనండీ,” అని కూర్చున్నాడు.

కూర్చున్నాడన్న మాటే గానీ, నదిని మాత్రం వదల్లేదు. మరుసటి ఆదివారం నోటుబుక్కులో మళ్లీ దక్షిణానికే గీశాడు. టీచరమ్మ ఎర్ర పెన్నుతో కొట్టేసింది. ఆ పై వారం మళ్లీ గీశాడు. ఆవిడ మళ్లీ కొట్టేసింది. నాలుగో వారానికి క్లాసులో ఆయన పేరు ‘నది బాబాయి’ అయిపోయింది.

చరిత్రలో మాత్రం ఆయనకు తిరుగులేదు. టైలరమ్మేమో, తండ్రి రాజు చేసిన యుద్ధాన్ని కొడుకు ఖాతాలో వేసేది. లిఫ్టు ఆపరేటరైతే ఒకే రాజుని రెండుసార్లు చంపేశాడు. పెద్దాయన ఒక్క తేదీ కూడా తప్పలేదు.

“ఇంత బాగా ఎలా గుర్తుంటాయండీ?” అనడిగింది టైలరమ్మ.

“రాజులకేం తల్లీ, పోయి ఎక్కడివాళ్లక్కడ కూర్చున్నారు. కదలరు. ఈ నదులే మాట వినవు.”

టీచరమ్మకు నవ్వొచ్చింది గానీ మింగేసింది.

ఒకరోజు క్లాసయ్యాక అడిగింది. “ఈ వయసులో మీకు పది ఎందుకు బాబాయిగారూ? మనవల దగ్గర గొప్పకా?”

“చిన్న అవసరముందండీ,” అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. ఆ చెప్పుల మడమలు కాగితంలా అరిగిపోయి ఉన్నాయి.

పరీక్షలయ్యాయి. పేపర్లు దిద్దే పని టీచరమ్మకే పడింది. పేపరు మీద పేరుండదు, నంబరే ఉంటుంది. అయినా ఒక పేపర్లో మ్యాపు తెరవగానే ఆవిడకి తెలిసిపోయింది. చెయ్యెత్తకుండా, ఒక్క గీతలో, దర్జాగా దక్షిణానికి తిరిగిన నది. ప్రపంచంలో దాన్ని అటు తోలేవాడు ఒక్కడే.

“అయ్యో బాబాయిగారూ!” అంది పైకే.

పక్క కుర్చీలో దిద్దుతున్న లెక్కల మాస్టారు తలెత్తాడు. “ఏమైంది?”

“ముప్పై మూడు దగ్గర ఆగాడండీ. మ్యాపుకి రెండు మార్కులేస్తే పాస్. కానీ నది తప్పు.”

“వేసెయ్యండి. నది వచ్చి అడుగుతుందా?”

టీచరమ్మ పెన్ను కాసేపు గాల్లోనే ఉంది. జాలిపడి నదిని మార్చేస్తే రేపు పిల్లలకి ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పాలి? ఇంటూ కొట్టేసింది. ఆ రాత్రి అన్నం సరిగ్గా సయించలేదు. అయినా చేసింది న్యాయమేనని తనకు తానే నాలుగుసార్లు చెప్పుకుంది.

ఫలితాలొచ్చాక పెద్దాయన స్కూలుకొచ్చాడు.

“సోషల్ ఒక్కటే పోయిందండీ.”

“మూణ్ణెల్లలో మళ్లీ రాయొచ్చు. ఈసారైనా నా మాట విని పుస్తకంలో ఉన్నట్టు గియ్యండి.”

“గీద్దామనే కూర్చున్నానండీ. చెయ్యి అటు పోలేదు.” నవ్వాడు. “అయినా మూణ్ణెల్లకి ఇక అవసరముండదు లెండి. పాఠం బాగా చెప్పారు మేడమ్. వస్తాను.”

మళ్లీ కనబడలేదు.

కొత్త విద్యా సంవత్సరానికి కొత్త గోడ మ్యాపు వచ్చింది. సర్వే ఆఫీసు నుంచి ఒక కుర్ర ఆఫీసరు స్వయంగా పట్టుకొచ్చి, మేకు కొట్టించి తగిలించాడు. టీచరమ్మ కర్ర తీసుకుని అలవాటుగా నది వెంట సాగింది.

సముద్రం దగ్గరికొచ్చేసరికి కర్ర కింద నది లేదు.

జానెడు దక్షిణంగా ఉంది.

“ఇది… ఇలా ఎప్పుడు మారిందండీ?”

“మారి చాలా ఏళ్లయింది మేడమ్. మ్యాపుకెక్కడం ఇప్పుడు.”

“ఎవరో ఆఫీసరుగారు బాగా తిరిగినట్టున్నారే!” అంది టీచరమ్మ.

“ఆఫీసర్లు జీపు దిగితే కదండీ!” అని నవ్వాడు కుర్రాడు. “మా దగ్గర కొలత గొలుసు పట్టే పెద్దాయనొకరు ఉండేవారు. ఆ ఒడ్డంతా ఏళ్ల తరబడి కాలినడకన కొలిచారు. ఈ గీత మొత్తం ఆయనదే.”

టీచరమ్మ మ్యాపు అడుగున చిన్నక్షరాల్లోకి వంగి చూసింది. “మరి కింద వేరే ఎవరి పేరో ఉందేం?”

“సర్వేయరు పేరే వెయ్యాలండీ, రూలు. రిటైరయ్యేలోగా పది పాసైతే ఆయన్నే సర్వేయర్ని చేసి ఆ పేరే వేద్దామని మా పెద్దసారు కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకున్నారు. పాపం, అన్నీ గట్టెక్కారు గానీ, మ్యాపు ప్రశ్న దగ్గర తప్పారట.”