పాత చీర

పరాయి దేశపు ఓడల్లో చీరల పిండి డబ్బాలు దిగుతాయి. పొద్దున మిషన్‌లో పోస్తే చీర, సాయంత్రం బకెట్లో ముంచితే కరిగి ఉత్త నీళ్లు. ఉతకక్కర్లేదు, మడతపెట్టక్కర్లేదు. దుబ్బాక మగ్గాలన్నీ ఆ పిండి ధాటికే మూలపడ్డాయి. తమ ఇంట్లో మిగిలిన ఒక్కదాన్నీ, పొయ్యిలోకైనా పనికొస్తుందని మౌనిక భర్త సంపత్ ఆ ఉదయం విప్పుతున్నాడు.

అంతలో నాలుగో నెల కడుపుతో పక్కింటి ద్విత వచ్చింది.

"అత్తా, పాత చీర ఒకటుంటే ఇయ్యవా? పుట్టిన బిడ్డను కొత్త బట్టల చుట్టద్దని మా అమ్మమ్మ ఒకటే మొత్తుకుంటుంది. వాడకట్టంత తిరిగిన, ఎవలింట్ల లేదు."

ఎలా ఉంటుంది? ఏ చీరా ఒక్క పూట దాటి బతకడం లేదాయె!

"నా పాతయన్ని మంది పిల్లల ఉయ్యాలలకే పోయినయి బిడ్డా," అంది మౌనిక.

ద్విత ముఖం చిన్నబోయింది. మౌనిక ఆమె కడుపు వంకా, సగం విప్పిన మగ్గం వంకా చూసింది.

"పాతది లేకుంటేంది, చేసుకుందం. నూలు చీర నేసిస్త. కట్టు, ఉతుకు, ఆరెయ్యి. నువ్వు కనేనాటికి వెన్నలెక్క మెత్తగైతది."

"అయితే మా తోడికోడలికి సుత ఒకటి నెయ్యి అత్తా! ఆమెకు మూడో నెల."

మౌనిక భర్త వైపు తిరిగింది.

"ఇగో, విప్పింది సాలు. మళ్ల బిగియ్యి."