నీళ్లలో మోగే మిషన్

"నీళ్లలో పనిచేసేది కావాలి. పూర్తిగా మునిగినా పాడవకూడదు," అన్నాడు విశ్వేశ్వరరావు, సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి షాపులోకి వస్తూనే.

ఆయన వెనకే భార్య అమ్మాజీ, ఆ వెనక పక్కింటి మహిపాల్ వంగి వచ్చారు. ఆ రోజు తెలంగాణ బంద్. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద ర్యాలీ పోతోంది. నినాదాలు దగ్గరైనప్పుడల్లా విశ్వేశ్వరరావు మాట ఆపేస్తున్నాడు. దూరమయ్యాక మళ్లీ మొదలుపెడుతున్నాడు. ఫోన్ చేసి బతిమాలితే గానీ షాపు ఓనరు దశరథ షట్టర్ ఆ మాత్రమైనా ఎత్తలేదు.

దశరథ రెండు మెటల్ డిటెక్టర్లు తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇది అగ్గువ సార్. కింద గీ చక్రం వరకే నీళ్లల్ల ముంచాలె. పైన డబ్బా తడిస్తే ఖతం. గిదేమో మొత్తం మునిగినా ఏం గాదు. సరూర్‌నగర్ చెరువుల నిమజ్జనం అయినంక ఇనుము ఏరెటోళ్లు గిదే అడుగుతరు. జర పిరం."

"అగ్గువదే తీస్కోండ్రి సార్," అన్నాడు మహిపాల్. "కట్టెకు కట్టి ముంచుత. బావిల పడ్డ ఇత్తడి దేవుళ్ల కోసం గింత ఖర్చెందుకు?"

విశ్వేశ్వరరావు మొహం ముడుచుకుంది. "పరీక్ష చేసి చూద్దాం. పక్క టీ కొట్లో ఒక బకెట్ నీళ్లు పట్రా మహిపాల్," అన్నాడు.

మహిపాల్ అటు వెళ్లగానే ఆయన కౌంటర్ మీదకు వంగి గొంతు తగ్గించాడు.

"బావిలో ఉన్నది దేవుడి విగ్రహాలు కాదండీ, మా ఆవిడ బంగారం. మొన్న ర్యాలీ రోజు మా ఆంధ్రావాళ్ల ఇళ్ల మీద పడతారని ఎవరో చెప్పారు. భయంతో మూటగట్టి, నైలాన్ తాడుతో బావిలోకి దించాను. తర్వాత పైకి లాగుతుంటే తాడు తెగింది. గాలం వేస్తే పాత బకెట్లే వస్తున్నాయి. ఊటబావి, ఎంత తోడినా నిండిపోతోంది."

"ఇంతకు ఎవలన్న ఇంటి మీద పడ్డరా సార్?"

"లేదనుకోండి. అది వేరే సంగతి." విశ్వేశ్వరరావు గుమ్మం వైపు ఒకసారి చూశాడు. "నాకు ఈత రాదు. దిగేది ఈ మహిపాలే. అందుకని బంగారానికి వేరే మోత ఉండాలి. అది పైనున్న నాకు వినబడాలి, నీళ్లలో ఉన్న అతనికి వినబడకూడదు. లేకపోతే మూట బురదలోనే దాచి, మేం లేనప్పుడు వచ్చి పట్టుకుపోతాడు. చూశారుగా, పనికిరాని మిషన్ కొనమని ఎలా పట్టుబడుతున్నాడో!"

దశరథ ఖరీదైన మిషన్ అందుకుని బ్యాటరీ బిగించాడు. "ఫోన్ల పక్కింటోడంటిరి గద సార్?"

"గోడకి గోడ. వాళ్ల అమ్మ, ఇతను. నల్గొండ వైపు వాళ్లు. మంచివాళ్లే. కానీ ఈ రోజుల్లో ఎవరి మనసులో ఏముందో ఎలా చెప్పగలం?"

అమ్మాజీ భర్త మోచెయ్యి పట్టుకుంది. "ఏవండీ, ఏ మిషనూ వద్దు. ఇంటికెళ్దాం పదండి. మీతో ఒక మాట చెప్పాలి."

"ఇంటికెళ్లాక చెబుదువుగాని, ఉండు."

మహిపాల్ బకెట్ తెచ్చి పెట్టాడు. దశరథ విశ్వేశ్వరరావు ఉంగరం నీళ్లలో వేసి, ఖరీదైన మిషన్ ముంచాడు. కుయ్‌మని సన్నగా, స్పష్టంగా మోగింది. ముల్లు తిరిగి ఒక గీత దగ్గర ఆగింది.

"బంగారం," అన్నాడు దశరథ, ఉంగరం బయటికి తీస్తూ.

విశ్వేశ్వరరావు మొహం వికసించింది. "ఉంగరం చిన్నది. పెద్ద వస్తువు వేసి చూద్దాం. అమ్మాజీ, ఆ గాజు ఇలా ఇవ్వు."

అమ్మాజీ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "నా చేతివి వద్దండీ."

"తినేయదులే!" ఆయన ఆమె చెయ్యి లాగి, గాజు తీసి బకెట్‌లో వేశాడు.

మిషన్ గుర్రుమని బొంగురుగా మోగింది. ముల్లు ఆ గీత దాటి ఎక్కడికో పోయింది. దశరథ మళ్లీ ముంచాడు. మళ్లీ అదే బొంగురు.

"పాడైపోయిందండీ మీ మిషన్!"

దశరథ గాజు తీసి, ఉంగరం మళ్లీ వేశాడు. కుయ్‌మంది. గాజు వేశాడు. గుర్రుమంది.

"మిషన్ మంచిగనే ఉన్నది సార్," అన్నాడు మెల్లగా. "గాజే బంగారం గాదు."

విశ్వేశ్వరరావు గాజు చేతిలోకి తీసుకున్నాడు. "ఆ నగల షాపువాడు... మనల్ని నిలువునా మోసం..."

"ఎవరూ మోసం చేయలేదు," అంది అమ్మాజీ. "రైలు ప్రయాణాలప్పుడు వేసుకోడానికి కొన్న గిల్టు గాజులండీ అవి. బంగారం బావిలో వేస్తానని మీరంటే నా ప్రాణం ఒప్పుకోలేదు. మీరు మూట కట్టకముందే అన్నీ మార్చేశాను."

"అయితే... నేను బావిలోకి దించింది?"

"ఆ గిల్టు సెట్టులో మిగతావే."

ఆయన కౌంటర్ అంచు పట్టుకున్నాడు. "మరి నాతో ఎందుకు చెప్పలేదు?"

"ఎవరి దగ్గర పెట్టానో తెలిస్తే, ఆ క్షణమే వెళ్లి వాళ్లని నానా మాటలూ అంటారని."

"ఎవరి దగ్గర పెట్టావు? చెప్పు అమ్మాజీ, ఎవరి దగ్గర?"

అమ్మాజీ తల దించుకుంది. బకెట్ పక్కన గొంతుక్కూర్చున్న మహిపాల్ లేచి, తడి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"పరేషాన్ గాకుండ్రి సార్. ఆంటీ ఎవ్వలకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది గానీ, మీ బంగారం మా అమ్మ బియ్యం డబ్బాల పదిలంగ ఉన్నది. దాన్ని ఇడిసి పోవుడు ఎట్లని, ఆ రోజు సంది మా అమ్మ గడప దాటుతలేదు."