బుచ్చవ్వ చేతులు

అరుగు మీద కూర్చుని బూడిదతో చేతులు తోముకుంటున్న బుచ్చవ్వకు పసిగుడ్డు ఏడుపు వినిపించింది.

కుమ్మరివాడ నుంచి.

"తొమ్మిది," అనుకుంది.

గంగుబాయి ఊళ్లోకి వచ్చాక పుట్టిన పిల్లల లెక్క అది.

అంతకు ముందు ఇరవై ఏండ్లు ఆ ఊళ్లో పుట్టినవాళ్లంతా బుచ్చవ్వ చేతుల్లో పడ్డవాళ్లే.

రజాకార్ల గడబిడ సద్దుమణిగిన మూడో యేడు, కాగజ్‌నగర్ మిల్లుకు వెదురు తోలే బండ్లు ఊరి బయట ఆగాయి. బండ్లవాళ్ల పడుచుకు నొప్పులు లేస్తే బుచ్చవ్వ వెళ్లింది.

బిడ్డ ఏడవలేదు.

తెల్లారి బండ్లు కదిలి వెళ్లిపోయాయి.

బుచ్చవ్వను ఎవరూ ఒక్క మాట అనలేదు. అనవలసినవన్నీ తనే అనుకుంది. మళ్లీ ఏ కాన్పుకూ వెళ్లలేదు. రోజుకు నాలుగుసార్లు బూడిదతో చేతులు తోముకునేది. తోలు పగిలినా మానలేదు.

మరుసటి యేడు, చంకలో మూటతో, సగం మరాఠీ కలిసిన తెలుగుతో గంగుబాయి వచ్చింది. వస్తూనే బుచ్చవ్వ తలుపు తట్టింది. కొత్త ముఖం చూసే ఓపిక లేక బుచ్చవ్వ గడియ తీయలేదు.

ఆ రోజే కుమ్మరి రాయమల్లు భార్యకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని లేని ఊరు. గంగుబాయి కొంగు బిగించింది.

తర్వాత ఊరి చివర గుడిసె వేసుకుని ఉండిపోయింది.

బుచ్చవ్వకు కాన్పులు వద్దు. కానీ ఇంకొకతె చేస్తుంటే కడుపు మండేది.

పక్కింటి పోశవ్వను కూర్చోబెట్టుకుని అన్నీ అడిగేది. బొడ్డు దేనితో కోసింది, నూనె కాచి రాసిందా, పచ్చిదే రాసిందా అని.

"సగం మరాఠీ మాట్లాడుతది. ఆమె చేతుల పుట్టినోళ్లు ఏ భాషల ఏడుస్తరో," అంది ఒకసారి.

"ఏడుపుకు భాషేంది వదినె," అంది పోశవ్వ. "నువ్వు ఈడ కూసోని లెక్క వెడుతనే ఉన్నవు గద."

ఒక పిల్లకు గంగ అని పేరు కూడా పెట్టారు. ఆ పూట బుచ్చవ్వ అన్నం తినలేదు. ఇరవై ఏండ్లలో తన పేరు ఎవరూ పెట్టలేదు.

పురుడు అయిన ఇంటివాళ్లు మంత్రసానికి చాటనిండా బియ్యం పోస్తారు. గంగుబాయి అందులో సగం పోశవ్వ చేత పంపేది. ఇవి నీ వంతు అని చెప్పమనేది.

నాకు బిచ్చం వేస్తున్నదా అని బుచ్చవ్వ ఆ బియ్యం కోళ్లకు చల్లేది.

ఆ తర్వాత రెండుసార్లు గంగుబాయి తలుపు దాకా వచ్చి, ఒక్క మాట చెప్పి పోతానంది. పొయ్యి మీద జొన్న గట్క పొంగుతున్నది, తీరదు అని బుచ్చవ్వ లోపల్నుంచే జవాబిచ్చింది.

పొయ్యి అప్పటికి అంటించనే లేదు.

వానాకాలంలో గంగుబాయి జ్వరాన పడింది. నాలుగో రోజు పోశవ్వ వచ్చి గడపలో నిలబడింది.

"జర ఒక్కసారి రమ్మంటున్నది వదినె. ఆ మాటేందో నీకే చెప్తదట."

"పోయేటోళ్లకు మంత్రసాని ఎందుకు?" అంది బుచ్చవ్వ.

పోశవ్వ గడప దిగి వెళ్లిపోయింది.

పొద్దు వాలకముందే గంగుబాయి పోయింది.

ఊళ్లో ఆడవాళ్లంతా వెళ్లారు. వాళ్ల చంకల్లో, గంగుబాయి చేతుల్లో పుట్టిన పదకొండు మంది పిల్లలు. బుచ్చవ్వ అరుగు మీద నుంచే లెక్కపెట్టింది.

నెల తిరిగాక ఒక బండి వచ్చి ఆగింది. నెలలు నిండిన పడుచు మెల్లగా దిగి, బుచ్చవ్వ ఇల్లు ఇదేనా అని అడిగింది.

"నన్ను కన్న అవ్వ నీ దగ్గరికే పొమ్మన్నది పెద్దవ్వా. కాన్పుకు."

"మీ అవ్వ ఎవరో నాకు తెల్వది. నేను చేస్తలేను బిడ్డా. నా చేతులు మంచియి కావు."

పడుచు అరుగు మీద కూర్చుని ఆ పగిలిన చేతులు పట్టుకుంది. ఆమె మణికట్టు మీద తేలు పచ్చబొట్టు.

వెదురు బండి పక్కన, ఏడవని బిడ్డ పుట్టిన రోజు, తనను పట్టుకుని విడవని చెయ్యి అదే.

బుచ్చవ్వ చేతులు వెనక్కి గుంజుకుంది. పడుచు ఇప్పుడూ విడవలేదు.

"అవ్వ సుత మంత్రసానే," అంది. "నా బిడ్డ మెడకు పేగు సుట్టుకున్నదని నేను చెప్తే విన్నది. నువ్వు పని ఇడిసిపెట్టినవని బండ్లోళ్లు చెప్తే, ఆమె తప్పేం లేదు, పోయి చెప్పొస్తనని బయలెల్లింది. నువ్వు తలుపు తియ్యకపోతే, తీసేదాక ఉంటనని, పానం పోయేదాక ఈ ఊర్లెనే ఉండిపోయింది, మా అవ్వ గంగుబాయి."