పెన్‌డ్రైవ్ తీశావా?

కొత్త కంప్యూటర్‌లో సిస్టమ్ ఎక్కించడం మూడోసారి పూర్తయింది. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ ఇన్‌స్టాల్ స్క్రీనే వచ్చింది. అర్ధరాత్రి, రిపేరు షాపులో మెకానిక్ ఒక్కడే ఉన్నాడు.

"ఏమిటే ఇది, మొదటికే వస్తోంది?" అన్నాడు అలవాటు కొద్దీ, లోపలి గది వైపు తిరిగి.

"పెన్‌డ్రైవ్ తీశావా, మహానుభావా?" అని అక్కణ్ణుంచి భార్య అరిచేది. అది తీయకపోతే ఇన్‌స్టాల్ మళ్ళీ మొదలవుతుంది. ఆమె పోయి మూడు నెలలైంది.

నిజమే, తీయలేదు. తను గుచ్చిన చోట, కంప్యూటర్ వెనక తడిమాడు. అక్కడ లేదు. ఆమె స్క్రూలు దాచే డబ్బా మూతలో ఉంది, ఇంకా వెచ్చగా.

ఊపిరి బిగబట్టి విన్నాడు. లోపల ఏ అలికిడీ లేదు.

పెన్‌డ్రైవ్ మళ్ళీ గుచ్చి, కంప్యూటర్ రీస్టార్ట్ చేసి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మళ్ళీ మర్చిపోయానే," అన్నాడు.