శ్రీహితకే చెప్పింది

వంటింట్లో చాయ్ పెడుతుంటే మా బాపమ్మ గొంతు వినబడింది. రజాకార్లు ఊరు కాల్చిన రోజు తన అక్కను ఎలా చంపారో శ్రీహితకు చెబుతోంది.

ఆ మారణకాండ మీద నేనూ, శ్రీహితా పీహెచ్‌డీ చేస్తున్నాం. శ్రీహిత మంథని నుంచి మా గోదావరిఖని క్వార్టరుకు రావడం ఇదే మొదటిసారి. ఏళ్లుగా నేనెప్పుడు అడిగినా బాపమ్మ గోడవైపు తిరిగి పడుకునేది.

చాయ్ పొంగి పొయ్యి ఆరిపోయింది. నా కడుపుమంట ఆరలేదు.

శ్రీహిత రికార్డర్ సర్దుకొని వెళ్లగానే నిలదీశాను. "నాకెందుకు చెప్పవ్ బాపమ్మా? సొంత మనుమరాలి కంటె పరాయి పిల్లే ఎక్కువాయెనా?"

ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది.

"నువ్వు అచ్చం మా అక్క లెక్కనే ఉంటవ్ బిడ్డా. అక్కను ముంగట కూసోబెట్టుకొని, నిన్ను గిట్ల సంపిన్రని ఎట్ల చెప్పాలె?"