వైకుంఠరావు ఆఖరి బిళ్ళ

బడా బజార్‌లో కూర్మయ్య ఇత్తడి సామాన్ల కొట్టు వెనకగదిలో ఆ ఆదివారం కూడా గొడవ మొదలైంది. కూర్మయ్య పాత రాగి కాణీని చింతపండు పెట్టి తోమేశాడు.

"తోమడానికి అదేటి, నీ కొట్లో సెంబా?" అన్నాడు అప్పలరాజు.

"మెరిస్తే మీకేటి నొప్పి?"

"నూరేళ్ళ రంగు ఒక్క పూటలో కడిగేశావు భాయి. ఇంక దానికి విలువేముంది?" అన్నాడు బ్యాంకులో పనిచేసే అమిత్.

ఈ నాణేల పిచ్చోళ్ళింతే. పెళ్ళిరోజు మరిచిపోతారు, కరెంటు బిల్లు మరిచిపోతారు. బిళ్ళ గురించి పక్కవాడు ఒక్క మాట తప్పుగా అంటే మాత్రం వాళ్ళకి ముద్ద దిగదు.

అప్పుడే వాళ్ళలో నాలుగోవాడైన వైకుంఠరావు కూతురు పద్మిని లోపలికొచ్చింది. ముగ్గురూ గొడవ ఆపారు. ఆమె తిన్నగా వెళ్ళి తండ్రి కుర్చీలో కూర్చుంది. ఆయన దసరా వెళ్ళాక పోయి నెల దాటినా అందులో ఇంతవరకూ ఎవరూ కూర్చోలేదు.

గోపాల్‌పూర్‌లో సముద్రం ఒడ్డున పాత జెట్టీ స్తంభాల దగ్గర, రాళ్ళ పక్కన శవమై దొరికాడు వైకుంఠరావు. ఒంటరిగా షికారుకెళ్ళి కాలు జారి పడ్డాడని అందరూ అనుకున్నారు. అనుకోక చేసేదేముంది?

"ఆవేళ నాను ఛత్రపురంలో పెళ్ళికి పోయేనమ్మా," అన్నాడు అప్పలరాజు. హల్దియాపదర్‌లో వాళ్ళ పక్కిల్లే ఆయనది. పాడె మోసినవాళ్ళలో ముందున్నదీ ఆయనే. "నాను పక్కనుంటే పడనిస్తానా?"

పద్మిని తలూపింది. బయట మబ్బు కమ్మి గదిలో వెలుతురు తగ్గింది. కూర్మయ్య లైటు వేయబోతే వద్దంది. సంచిలోంచి నాలుగు లావుపాటి నాణేల ఆల్బమ్‌లు తీసి బల్లమీద పెట్టింది. వాటి పక్కన ఒక కుంకుమ భరిణె పెట్టింది.

ఎవరూ పైకి అనలేదు గానీ ఆ ఆల్బమ్‌ల మీద ముగ్గురికీ ఆశే. అమిత్ అయితే కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"ఇయ్యి మా ఇంట్లో ఎవరికీ తెలీవు. నాన్న బాగా దగ్గరనుకున్నోళ్ళకే ఇచ్చేద్దామనుకున్నాను," అంది పద్మిని. "ఈ బరిణిలో ఉన్నది నాన్న ఆఖరుగా కొన్న బిల్ల. దగ్గరోళ్ళకి సూపించకుండా ఉండరు కదా. అదేటో సెప్పినోళ్ళయే ఇయ్యన్నీ."

మూత బిగించిన భరిణె మీద ఆమె చెయ్యి ఉంది. ఆమె ఎవరి ముఖమూ చూడటం లేదు. ముగ్గురి చేతులూ చూస్తోంది.

"నాకు సూపించేడు," అన్నాడు కూర్మయ్య గబుక్కున. "కంపెనీ వాళ్ళ తరాజు బొమ్మున్న బిల్ల. రాగిది."

"అబద్ధం. నాకు చూపించింది విక్టోరియా రాణి వెండి రూపాయి," అన్నాడు అమిత్. "ముత్యంలా ఉంది."

ఇద్దరూ కళ్ళార్పకుండా కోతలు కోశారు. నాకు చూపించలేదు అని ఒప్పుకోవడం ఆ గదిలో ఎవడికైనా తలకొట్టేసినట్టే.

"బాబాయ్, మీకు సూపించలేదా?" అని అడిగింది పద్మిని.

అప్పలరాజు పెదవులు తడుపుకున్నాడు. "ఎందుకులేమ్మా."

"సూపించలేదన్నమాట," అని నవ్వాడు కూర్మయ్య. "తరాజు బిల్లే. రాసిస్తాను కావాలంటే."

"తరాజు బొంబాయోళ్ళది," అన్నాడు అప్పలరాజు ఆగలేక. "మన గంజాం మద్రాసు కింద ఉండేది. తెలీకపోతే ఊరుకోవాల."

"పోనీ, నువ్వు చెప్పు భాయి," అన్నాడు అమిత్.

పద్మిని భరిణె మీంచి చెయ్యి తీసింది.

"మద్రాసోళ్ళ ఇరవై కాసుల రాగి బిల్ల," అన్నాడు అప్పలరాజు. గొంతు మెల్లగా వేడెక్కింది. "ఓ పక్క రెండు సింహాలు. ఇరవై కాసులైతే ఎక్కడైనా దొరుకుతాయి, దాన్దేటుంది. దీనికి రెండో పక్కనా అయే సింహాలు. కానీ గుంటలుగా, అద్దంలో సూసినట్టు తిరగబడి ఉంటాయి. టంకసాలలో ముందు కొట్టిన బిల్ల అచ్చుకి అతుక్కుపోయింది, దాని మీదే ఇంకోటి కొట్టీసేరు. అలాటిది బతుకులో ఒక్కసారి కనపడితే గొప్ప."

పద్మిని మూత తీసింది.

రాగి బిళ్ళ. రెండు సింహాలు. అమిత్ వేలి చివరతో తిప్పాడు. అవతలి వైపు అవే సింహాలు, గుంటలుగా, తిరగబడి.

"ఓడిపోయేన్రా," అన్నాడు కూర్మయ్య చిన్నబోయి.

పద్మిని ఆల్బమ్‌లు నాలుగూ అప్పలరాజు వైపు జరిపింది. ఆయన వాటిని చూడనైనా లేదు. బిళ్ళని అంచులు పట్టుకుని మెల్లగా ఎత్తి, చిన్నపిల్లాడిలా దానివైపే చూస్తూ ఉండిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు.

"ఎప్పుడు సూపించేరు బాబాయ్?"

"దసరా ముందేనమ్మా," అన్నాడు తలెత్తకుండానే. "మీ ఇంటి అరుగు మీదే. ఈళ్ళకి తర్వాత సూపిస్తానన్నాడు."

వాన మొదలైంది. పద్మిని లేచి, వెళ్ళే దారికి అడ్డంగా నిలబడింది.

"గోపాల్‌పూర్‌లో సేపలమ్మే జగ్గమ్మ కాడ నాన్న దీన్ని కొన్నది ఆయన పోయిన సాయంత్రమే బాబాయ్, తెల్లారి ఆ రాళ్ళ కాడ ఆయన పిడికిలి ఇప్పి తీసింది నాను."